పరదేశమున లారీ నడుపువారికి కావలసిన నియమములు, సన్నాహములు

(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను భారతముమీద మాటలాడుమని కోరినారు. సమ్మతించినాను. అయితే నేను మాటలాడబోవునది లారీ డ్రైవర్లను గూర్చి యని చెప్పగా వారు నవ్వినారు. భారతమునకును లారీకిని సంబంధమేమని మీకును తోచవచ్చును. సంబంధము కలదు. దానిని మొదట చెప్పి, తరువాత పనికివచ్చు సంగతులలోనికి పోయెదను.

ఈ గ్రంథాలయమునకు సాయంకాలము పత్రికలు చదువ వచ్చువారిలో సగము మందికి కొడుకో, అల్లుడో, తమ్ముడో సముద్రమున కావల నున్నాడు. కరీంనగరము, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు ప్రాంతములనుండియు, అటు కడప, రాజంపేట, కోనసీమ ప్రాంతములనుండియు మనవారు దశాబ్దములుగా గల్ఫు దేశములకు పోవుచున్నారు. అందులో స్టీరింగు పట్టి బ్రతుకువారు పెక్కుమంది. ఊరి లెక్కలు వ్రాయువాడ నగుటచేత వారి ఒప్పంద పత్రములు, అప్పు నోట్లు, బ్యాంకు కాగితములు చదివిపెట్టుమని నా యొద్దకు తెచ్చుట కలదు. చిక్కేమనగా, ఆ పత్రములు నా చేతికి వచ్చునది సంతకము పడిన తరువాత. సంతకమునకు ముందే రావలెనని ఈ ప్రసంగము.

ఇక భారతము. అరణ్యపర్వమున నలుని కథ మీరెల్లరు వినినదే. జూదమున రాజ్యము పోగొట్టుకొని, భార్యను అడవిలో విడిచి, రూపు మారి, బాహుకుడను మారుపేరుతో అయోధ్యకు పోయి, ఋతుపర్ణ మహారాజు కొలువున రథము తోలుచు నలుడు కాలము గడపినాడు. అన్యదేశమున, ఒకరి క్రింద, ఇంటివారికి దూరముగా బండి తోలి బ్రతికినవాడు. నా దృష్టిలో మన గల్ఫు డ్రైవరు సోదరులకు ఆయనయే మూలపురుషుడు.

దమయంతి రెండవ స్వయంవరమని వార్త వచ్చినది. నూరు యోజనముల దూరము ఒక్క దినమున పోవలెను. బాహుకుడు రథము తోలుచుండగా రాజుగారి ఉత్తరీయము జారి పడినది. ఆపుమని రాజు చెప్పునప్పటికి అది యోజనము వెనుకబడినది. రాజు ఆశ్చర్యపడి తన విద్యయు చూపగోరి, దారిలోని తాండ్రచెట్టునకు గల ఆకులెన్నో, కాయలెన్నో చూచినంతనే చెప్పినాడు. నలుడు నమ్మక, రథము దిగి, చెట్టు కొట్టి లెక్కించి చూచినాడు. లెక్క సరిపోయినది. అప్పుడు వారిరువురు విద్యలు మార్చుకొనుటకు ఒప్పుకొనిరి. నలుని యొద్ద ఉన్నది అశ్వహృదయము, అనగా గుఱ్ఱముల మర్మము. ఋతుపర్ణుని యొద్ద ఉన్నది అక్షహృదయము, అనగా పాచికల మర్మము, లెక్కల మర్మము. ఆ లెక్క నేర్చిన క్షణముననే నలుని శరీరమునుండి కలి వెడలిపోయినాడు.

ఇందులో గమనింపవలసినది ఒకటి కలదు. నలుని రాజ్యము పోయినది రథము తోలుట రానందున కాదు, లెక్క రానందున. మన పిల్లలకు అశ్వహృదయము నిండుగ నున్నది. ఘాటు రోడ్డుమీద రాత్రివేళ పది చక్రముల లారీ నడిపినవారికి బండి నడుపుట నేను నేర్పునదేమి? వారికి లోపించినది రెండవ విద్య. కాగితము, అంకె, నియమము. నేటి ప్రసంగము దానిని గూర్చియే. దేశములు పెక్కు గలవు గనుక సౌదీ అరేబియాను, దుబాయి అబూదబీలు చేరిన యు.ఏ.ఇ.ని ముఖ్యముగ తీసికొనుచున్నాను. మనవారు హెచ్చుగ పోవునది అచటికే.

మొదటి మెట్టు లైసెన్సు. 1988 నాటి మన మోటారు వాహనముల చట్టము ననుసరించి 20 ఏండ్లు నిండనివానికి రవాణా బండి లైసెన్సు ఈయరు. అంతకు ముందు కనీస మొక సంవత్సరము చిన్నబండి లైసెన్సు ఉండవలెను. హెవీ లైసెన్సు పొంది, కొన్ని యేండ్లు లారీ నడిపినవాడే అక్కడి కంపెనీలకు కావలసినవాడు. అయితే మన లైసెన్సు అక్కడ అనుభవమునకు సాక్ష్యము మాత్రమే, నడుపుటకు అనుమతి కాదు. ఇచ్చట రవాణా కార్యాలయమువారిచ్చు అంతర్జాతీయ పర్మిటు సంవత్సరము చెల్లునది. అదియు ఆయా దేశములు ఒప్పినచోట చుట్టపుచూపుగా పోవువారి కొఱకు ఏర్పడినది. ఉద్యోగమునకు పోయినవాడు ఆ దేశమున పరీక్ష నెగ్గి, ఆ దేశపు హెవీ లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మటనే బండి ఎక్కవలెను. ఆ శిక్షణకు, పరీక్షకు అయ్యెడు ఖర్చు ఎవరిది? మొదటిసారి తప్పినచో రెండవసారి ఎవరు కట్టవలెను? లైసెన్సు వచ్చువఱకు జీతమున్నదా? ఈ మూడు ప్రశ్నలకు జవాబు ఒప్పందమున వ్రాసియుండవలెను. నోటిమాట చాలదు.

రెండవది వీసా. దానిపై ఏ పని వ్రాసియున్నదో ఆ పనియే మీరు చేయుటకు అర్హులు. లారీ పనియని చెప్పి ఇంటి డ్రైవరు వీసా చేతిలో పెట్టువారు కలరు. ఈ తేడా చిన్నది కాదు. సౌదీలో 2021 మార్చి 14 నుండి అమలైన సంస్కరణలచేత కంపెనీ కార్మికులకు కొన్ని షరతులమీద యజమానిని మార్చుకొను వీలు కలిగినది. ఇంటి డ్రైవర్లను, గొఱ్ఱెల కాపరులను ఆ సంస్కరణలలో చేర్చలేదు. ఒక్క మాట తేడా వచ్చినందున హక్కు పోయినది. ‘ఆజాద్ వీసా’ అని అమ్మునది మఱింత ప్రమాదము. అట్టి పేరుగల వీసా ఏ చట్టములోను లేదు. ఎవరో ఒక కఫీల్ పేర వీసా తీసి, బయట ఎక్కడనైనను పని చూచుకొమ్మనుటయే దాని అర్థము. అట్లు పోయినవాడు పని దొరికిన మొదటి దినమే చట్టము తప్పినవాడగును. విజిటు వీసాపై పోయి లారీ ఎక్కుటయు అంతియే. మనవారి భాషలో ‘ఖల్లివల్లి’ అయినవాడు వైద్యశాలకు పోవుటకును భయపడుచు, ఇంటికి వచ్చుటకును దారిలేక యుండును.

మూడవది మన ప్రభుత్వపు రక్షణ. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టము క్రింద, 10వ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాసుపోర్టులపై సాధారణముగ ఈ.సి.ఆర్. ముద్ర యుండును. అట్టివారు గల్ఫు దేశములకు ఉద్యోగమునకు పోవునపుడు ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్సు కార్యాలయపు అనుమతి కావలెను. దీనిని మనవారు అడ్డంకిగ భావించి, దాటుటకు దొంగదారి వెదకుచున్నారు. అది అడ్డంకి కాదు, గట్టు. ఆ అనుమతి కొఱకు మీ ఒప్పందము, మీ జీతము, యజమాని పేరు ‘ఈ-మైగ్రేట్’ అను ప్రభుత్వ లెక్కలలోని కెక్కును. రేపు జీతము తగ్గించినచో చూపుటకు ఒక సాక్ష్యముండును. ఆ మార్గమున పోవువారు ‘ప్రవాసీ భారతీయ బీమా యోజన’ క్రింద బీమా తప్పక చేయవలెను. రెండేండ్లకు రుసుము 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు. ప్రమాదవశమున మరణము గాని శాశ్వత అంగవైకల్యము గాని సంభవించినచో 10 లక్షల రూపాయలు వచ్చును. బండెక్కి బ్రతుకువానికి ఇంతకన్న చవుకయైన కవచము లేదు. ఆ కాగితము సంఖ్య భార్యకో తల్లికో తెలిసియుండవలెను. లేనిచో కవచము పెట్టెలోనే మిగులును.

నాల్గవది ఏజెంటు. ప్రభుత్వము రిజిస్టరు చేసిన ఏజెంటు తన సేవకై 30,000 రూపాయలును, దానిపై పన్నును మించి పుచ్చుకొనరాదు. నూటికి 18 చొప్పున పన్ను కలిపినచో 35,400 రూపాయలు. ఇప్పుడు నా వృత్తి ననుసరించి ఒక లెక్క చెప్పెదను. ఒకడు అనధికార దళారికి 1,20,000 రూపాయలు ఇచ్చినాడనుకొందము. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెచ్చినాడు. నెలకు వడ్డీ 2,400. రెండేండ్లకు వడ్డీయే 57,600. అదే 35,400 రూపాయలను అదే వడ్డీకి తెచ్చిననను రెండేండ్లకు 16,992 మాత్రమే. అసలులో తేడా 84,600, వడ్డీలో తేడా 40,608, మొత్తము 1,25,208 రూపాయలు. ఇది ఎడారిలో లారీ నడిపి సంపాదింపక మునుపే, ఇచ్చట అరుగుమీద కూర్చుండి పోగొట్టుకొనిన సొమ్ము. నలుడు జూదమాడినపుడును మొదట పోయినది ఇట్లే.

ఒప్పందమున చూడవలసినవి వేళ్లమీద లెక్కించుకొనుడు. మూల జీతమెంత, ట్రిప్పు సొమ్మెంత? దినమునకు పనిగంటలెన్ని, మించినదానికి ఇచ్చునదేమి? తిండి, బస, వైద్యము ఎవరివి? రెండేండ్లకు వచ్చిపోవు టిక్కెట్టు ఎవరిది? జరిమానాలు, బండి మరమ్మతులు జీతములో కోయుదురా? మీరు చదువగల భాషలో ప్రతి లేనిచో చదివించుకొనక సంతకము పెట్టవలదు. ఖాళీ కాగితముపై ఎంతవాడు అడిగినను సంతకము పెట్టవలదు. మీ చేతికొక ప్రతి, ఇంటిలో నొక ప్రతి ఉండవలెను.

ఇక దారి నియమములలోనికి వత్తము. ఆ దేశములలో బండ్లు దారికి కుడిప్రక్కన పోవును. డ్రైవరు ఎడమవైపున కూర్చుండును. క్లచ్చి, బ్రేకు, యాక్సిలరేటరు మన బండిలోని వరుసనే యుండును; కాళ్లకు క్రొత్త లేదు. గేరు మాత్రము కుడిచేతికి వచ్చును. చేతికన్న ముఖ్యముగ అలవాటు మార్చుకొనవలసినది కన్ను. ఇక్కడ నడచి దారి దాటువాడు మొదట కుడివైపు చూడవలెను, ఏలయన దగ్గరి బండి ఆ వైపునుండి వచ్చును. అక్కడ మొదట ఎడమవైపు చూడవలెను. మనవారిలో ఈ సంగతి మఱచి, బండి ఎక్కకమునుపే, నడచి పోవుచు దెబ్బలు తినినవారు కలరు. మొదటి పది దినములు నడకలోను ఈ పాఠము వల్లించుకొనుడు: ఎడమ, కుడి, మఱల ఎడమ.

ముందుబండిని దాటునది ఎడమనుండి. నిదానముగ పోవు బండి కుడి అంచు వరుసలో ఉండవలెను, లారీల స్థానమదియే. గుండ్రపు కూడలిని అక్కడ ‘దవ్వార్’ అందురు. మనకు గడియారపు ముల్లువలె తిరుగునది, అక్కడ దానికి ఎదురుగ తిరుగును. లోపల తిరుగుచున్న బండికి ముందు దారి ఈయవలెను. కుడికి తిరుగునపుడు మలుపు చిన్నది, ట్రేలా పొడవైనది. దాని వెనుకభాగము కుడి అంచును కోసికొని వచ్చును. డ్రైవరు ఎడమన కూర్చుండుటచేత కంటికి అందని మూలయు కుడివైపే. అద్దము చూడక కుడికి తిరిగినవాడు ఒక ప్రాణమును పందెము పెట్టినట్లే. ట్రేలా అలవాటు లేనివారు వెనుకకు నడుపుటను ఇచ్చటనే, ఖాళీ మైదానమున, అనుభవజ్ఞుని యొద్ద నేర్చుకొని పొండు. స్టీరింగు ఒక వైపు త్రిప్పిన ట్రేలా తోక రెండవ వైపు పోవుననుట మాటలతో తెలియును గాని చేతికి రాదు.

గుర్తుల సంగతి. ఎఱ్ఱ అంచు త్రికోణము హెచ్చరిక, ఎఱ్ఱ అంచు వలయము నిషేధము, నీలి వలయము ఆజ్ఞ, ఎనిమిది మూలల ఎఱ్ఱ ఫలకము ఆగుమనుట. కొన్ని మాటలు చెవికి అలవాటు చేసికొనుడు. యమీన్ అనిన కుడి, యసార్ అనిన ఎడమ, ఖిఫ్ అనిన ఆగుము, మమ్నూ అనిన నిషిద్ధము, ఖతర్ అనిన అపాయము. రుఖ్సా అనిన లైసెన్సు, ఇస్తిమారా అనిన బండి రిజిస్ట్రేషను, తామీన్ అనిన బీమా, మీజాన్ అనిన తూనిక, జుమ్రుక్ అనిన సుంకపు ఠాణా. నేరుగా పొమ్మనుటకు వారును ‘సీదా’ అనియే యందురు. అది మనవైపునుండి పోయిన మాటయే.

మాటలవలెనే అంకెలును పోయినవి. అరబ్బులు తమ అంకెలను ‘హిందీ అంకెలు’ అని పిలుచుట లెక్కలవాడనైన నాకు గర్వకారణము. అయితే రూపములు మారినవి. వారి సున్న ఒక చుక్క. మనకు సున్నవలె గుండ్రముగ కనబడునది వారి అయిదు. ఇంగ్లీషు ఏడువలె ఉండునది ఆరు. ఇంగ్లీషు ‘వి’ అక్షరమువలె ఉండునది ఏడు, దానిని తలక్రిందు చేసిన ఎనిమిది. తలక్రిందు ‘వి’, ప్రక్కన చుక్క కనబడినచో అది 80. వారి వ్రాత కుడినుండి ఎడమకు పోయినను అంకెలు మాత్రము మనవలె ఎడమనుండియే చదువవలెను. దారి ఫలకములపై పెక్కుచోట్ల రెండు రకముల అంకెలును ఉండును గాని, తూనిక రసీదుపై, బండి నంబరుపై ఇవియే ఎదురగును. ఒక్క సాయంకాలమున నేర్వదగిన విద్య ఇది. అయిదును సున్నగ చదివినచో రసీదులో నష్టము మీదే.

వేగము, బరువు, సమయము అను మూడు మితులు లారీకి ప్రత్యేకముగ ఉండును. కార్లు 120 వేగమున పోవు దారులలోను బరువు బండ్లకు 80 కిలోమీటర్లే సాధారణముగ మితి. యు.ఏ.ఇ.లో 2024 నుండి బండితో కూడ మొత్తము బరువు 65 టన్నులు మించరాదు. పెద్ద నగరములలో కొన్ని వేళల లారీలకు ప్రవేశము లేదు; ఆ వేళలను ఏ దినమున కాదినము విచారించి తెలిసికొనవలెను. శీతకాలపు తెల్లవారుజామున దట్టముగ మంచు కమ్మినపుడు అబూదబీలో లారీలు నిలిచిపోవలెను. అప్పుడు పోయినవాడు దండుగ పడును. ఇసుకగాలి లేచినపుడు, దారి కనబడనపుడు, ప్రక్కకు పూర్తిగా దిగి నిలుచుటయే విద్య. రాత్రివేళ ఒంటెలు దారిమీదికి వచ్చును. ఒంటె కాళ్లు పొడవైనవి, దేహము ఎత్తున నుండును. దీపపు వెలుగు క్రింద కాళ్లనే చూపును.

దండుగల లెక్క వినుడు. సౌదీలో ఎఱ్ఱదీపము దాటినవానికి దండుగ 3,000 నుండి 6,000 రియాళ్లు. నెలకు 1,800 రియాళ్లు తెచ్చుకొనువాడనుకొందము. దినమునకు 60. కనీస దండుగయే 50 దినముల కష్టము. యు.ఏ.ఇ.లో నడుపుచు చేతిలో ఫోను పట్టినచో 800 దిర్హములు, పైగా నాలుగు నల్ల పాయింట్లు. అట్టివి 24 చేరినచో లైసెన్సు ఆగిపోవును. ఇంటినుండి భార్య ఫోను చేసినపుడు భర్త ఎత్తలేదని అలుగవలదని ఈ సభలోని సోదరీమణులను ప్రార్థించుచున్నాను. ఎత్తకపోవుటయే ఆయన మీయందు చూపు ప్రేమ.

ఋతుపర్ణుని ఉత్తరీయము జ్ఞప్తి యున్నదిగదా. 80 కిలోమీటర్ల వేగమున లారీ సెకనుకు సుమారు 22 మీటర్లు పోవును. మూడు సెకన్లు కన్ను మూతపడినచో 66 మీటర్లు ఎవ్వడును నడుపని బండి పోయినది. సౌదీలో హరద్ నుండి యు.ఏ.ఇ. సరిహద్దున బత్‌హా వఱకు రెండువందల కిలోమీటర్లకు పైగా వంపులేని దారి యున్నది. వంపులున్న దారి మనలను మేల్కొలుపును, వంపులేని దారి జోకొట్టును. టీ, పాట, కిళ్లీ నిద్రకు మందులు కావు. నిద్రకు మందు నిద్రయే. మన దేశమునందే 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టము దినమునకు 8 గంటలు, వారమునకు 48 గంటలు అని సామాన్య మితి పెట్టియుండెను. ట్రిప్పు సొమ్మునకు ఆశపడి రెండు దినముల పని ఒక దినమున చేయువాడు మూడవ దినమును కుదువ పెట్టుచున్నాడు.

ఎండ సంగతి. టైరులలో గాలిని ప్రొద్దుటి చల్లదనమున చూడవలెను. వేడెక్కిన టైరులో గాలి హెచ్చినదని తీసివేయరాదు. చల్లారిన పిదప అది తక్కువై, మఱునాడు పగులును. టైరు ప్రక్కన నాలుగంకెలు ముద్రించియుండును. 3522 అనిన 2022వ సంవత్సరము 35వ వారమున తయారైనదని యర్థము. ముసలి టైరు పైకి నిగనిగలాడినను ఆ యంకె దాని వయస్సు దాచదు. దూరపు దారిలో బండి ఆగినచో త్రికోణపు గుర్తు వెనుక నిలిపి, బండి నీడననే యుండి సహాయము పిలువవలెను. నీరు లేక ఎడారిలో నడచి పోరాదు. క్యాబులో దినమునకు చాలిన నీటికి రెట్టింపు ఎల్లపుడు ఉండవలెను.

ఇక గంభీరమైన విషయము. ప్రమాదము జరిగి మనిషికి దెబ్బ తగిలినపుడు చేయవలసినవి: బండి ఆపుట, ఉన్నచోటనే నిలుచుట, పోలీసును పిలుచుట. యు.ఏ.ఇ.లో పోలీసు సంఖ్య 999, అంబులెన్సు 998. సౌదీలో ట్రాఫిక్కు 993, అంబులెన్సు 997. మన దేశమున జనము కొట్టుదురని డ్రైవరు పారిపోవు అలవాటు కలదు. అక్కడ పారిపోవుటయే వేరొక పెద్ద నేరము. అర్థముకాని భాషలో వ్రాసిన వాంగ్మూలముపై సంతకము పెట్టక, దుబాసీని అడుగవలెను. వెంటనే కంపెనీకిని, మన రాయబార కార్యాలయమునకును తెలుపవలెను.

మరణము సంభవించినచో ఆ దేశములలో ‘దియా’ అను ధనము మృతుని కుటుంబమునకు చెల్లింపవలసి యుండును. యు.ఏ.ఇ.లో అది 2,00,000 దిర్హములు. నెలకు 2,000 దిర్హములు తెచ్చువానికి నూరు నెలల జీతము, అనగా 8 సంవత్సరముల 4 నెలలు తినక త్రాగక దాచినది. ఈ ధనమును భరించునది బండి బీమా. ఎప్పుడు? బీమా గడువులో ఉండి, డ్రైవరునకు ఆ తరగతి లైసెన్సు ఉండి, నిషామత్తులో లేనపుడు. ఇందులో ఒక్కటి తప్పినను ఆ భారము డ్రైవరు నెత్తిమీద పడును. యజమాని ‘ఈ ఒక్క ట్రిప్పే’ అని లైసెన్సు లేకయే ఎక్కుమనినపుడు, ‘ఎక్కను’ అను మాట నోట రావలెను. ఆ మాటవలన ఉద్యోగము పోవచ్చును. ఎక్కినవానికి పోవునది అంతకన్న పెద్దది. తాళపుచెవి త్రిప్పకమునుపు మూడు కాగితములు చూచుకొనుట నిత్యానుష్ఠానము కావలెను: రుఖ్సా, ఇస్తిమారా, తామీన్.

పెట్టె సర్దు తల్లులకు ఒక మాట. మన వంటింటిలోని గసగసాలు సౌదీలోను, యు.ఏ.ఇ.లోను మాదక పదార్థముల క్రింద నిషిద్ధములు. మసాలాలో వేయుటకు కొడుకు పెట్టెలో పెట్టిన చిన్న పొట్లము అతనిని చెఱసాలకు పంపగలదు. గసగసాలు కలిపిన మసాలాపొడియు అట్టిదే. కొన్ని నొప్పి బిళ్లలు, నిద్రబిళ్లలు, దగ్గుమందులు కూడ అక్కడ నిషేధములోనివి. డాక్టరు చీటీ లేక, అడిగి తెలిసికొనక ఏ మందును కొనిపోరాదు. ఒకరిచ్చిన పొట్లమును విప్పి చూడక తీసికొనిపోరాదు. మద్యము సౌదీలోను కువైటులోను నిషిద్ధము. మక్కా నగరమున ముస్లిములు కానివారికి ప్రవేశము లేదు. దారిలోనే ఫలకములు వేఱు మార్గము చూపును. సరకు ఎక్కించుకొనునపుడే గమ్యము తెలిసికొని, అట్టి ట్రిప్పు అయినచో ముందే చెప్పవలెను. అన్యుల ఇంటికి పోయినపుడు వారి గడప మర్యాద పాటించుట మన ధర్మము గూడ.

పాసుపోర్టు మన ప్రభుత్వపు సొత్తు. అది డ్రైవరు చేతనే యుండవలెను. యజమాని దానిని పట్టియుంచుకొనుటను ఆ దేశపు చట్టములును ఒప్పవు. అకామా ఎల్లపుడు వెంట నుండవలెను, దాని గడువు ఎప్పటికప్పుడు చూచుకొనవలెను. దానిని మార్పించుట యజమాని బాధ్యత. ఒక చిన్న పుస్తకమున దినమునకొక వరుస వ్రాయుడు: తేది, ఎక్కడినుండి ఎక్కడికి, ఎన్ని గంటలు, రావలసినదెంత, వచ్చినదెంత. తగవు వచ్చిననాడు ఏడ్పుకన్న ఆ పుస్తకము గట్టిగా మాటలాడును. సొమ్ము బ్యాంకుద్వారానే పంపుడు. హుండీవాడు ఒక రూపాయి ఎక్కువిచ్చినను రసీదు ఈయడు; రసీదు లేని సొమ్మునకు ఈ లోకమున సాక్షి లేడు. కష్టము వచ్చినచో 2015లో మన ప్రభుత్వము నెలకొల్పిన ‘మదద్’ అను ఫిర్యాదు ఏర్పాటు కలదు. దిక్కులేనివారికి బస, టిక్కెట్టు ఇచ్చుటకును, మృతదేహము ఇంటికి చేర్చుటకును 2009లో ఏర్పడిన భారతీయ సమాజ సంక్షేమ నిధి రాయబార కార్యాలయముల చేతిలో నున్నది. అడిగినవారికే అది తెలియును.

చివరకు మన గ్రంథాలయమునకు నా మనవి. 1935లో కృష్ణాతీరమున పెదపాలెము కొల్లూరుల నడుమ కాలువమీద పడవలో పుస్తకములు పెట్టి చదువరి యొద్దకే కొనిపోయిన జాతి మనది. ఇరువదియైదేండ్లు నిండిన ఈ గ్రంథాలయము, ఊరు విడిచి పోవువానికి చేయవలసిన పని ఒకటి యున్నది. ప్రతి నెల మొదటి ఆదివారము సాయంకాలము ఇచ్చట ఒప్పంద పత్రములు చదువు సభ జరుపుదము. పోదలచినవాడు కాగితము తేవలెను. తిరిగి వచ్చిన డ్రైవరు దానిని చూచి అనుభవము చెప్పవలెను. నేను అంకెలు చూచిపెట్టెదను. నలునికి ఋతుపర్ణునికి జరిగిన మారకమే ఇదియు. రెండవది, ఒక బీరువా అర కేటాయింపుడు. అందులో ఆ దేశముల దారి గుర్తుల పుస్తకములు, పటములు, అరబ్బీ మాటల పట్టిక ఉండవలెను. కుటుంబము కోరినచో పాసుపోర్టు, వీసా, బీమా, ఒప్పందముల నకళ్లు సీలువేసిన కవరులో భద్రపఱచవలెను. మూడవది, వెళ్లినవారి పేరు, పనిచేయు చోటు, ఇంటివారి ఫోను గల ఒక రిజిస్టరు. అది కార్యదర్శిగారి తాళములో ఉండవలెను.

ఈ రిజిస్టరు వ్రాయు పని నాకు ఒప్పగింపుడు. వెళ్లిన తేది ఒక గడిలోను, తిరిగి వచ్చిన తేది దాని ప్రక్క గడిలోను వ్రాసెదను. రెండవ గడి ఏ పేరునకును ఖాళీగా మిగులకుండ చూచుటయే మనము కట్టుకొనవలసిన లెక్క.